టవరుపై గూడు - మన కర్తవ్యము

పావగడ తాలూకాలో ఏ ఊరి పొలిమేరయందు నిలిచి చూచినను నేడు మూడు వస్తువులు మన కంటబడును. మొదటిది బండరాళ్ళ గుట్ట. రెండవది వేరుసెనగ చేను. మూడవది ఆకాశమునంటునట్లు నిలిచిన ఇనుప టవరు. మొదటి రెండింటిని మన తాతముత్తాతలు ఎరుగుదురు. మూడవదానిని వారెరుగరు. సెల్‌ఫోను వచ్చిన పిమ్మట ఊరూరను ఈ టవర్లు లేచినవి. తిరుమణి, వల్లూరు మొదలగు ఐదు గ్రామముల భూములలో, సుమారు 13,000 ఎకరములందు, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2019 నాటికి పూర్తియైన తరువాత విద్యుత్తును మోసికొనిపోవు టవర్లు కూడ వాటికి తోడైనవి.

విద్యార్థులారా! మీరు బడికి వచ్చుదారిలో ఎప్పుడైనను ఆగి, సెల్‌ఫోను టవరు కొనవైపు చూచితిరా? ఇనుప కమ్ముల సందున కొన్ని పుల్లలు కుప్పగా కనుపించును. దాని అంచున ఒక గ్రద్ద కూర్చుండి నలుదిక్కులు పరికించుచుండును. మనము మాటలు పంపుకొనుటకై నిలిపిన స్తంభమును ఆ పక్షి తన పిల్లలకు ఇల్లు చేసికొన్నది. ఆ ఇల్లు దానికి అవసరము. ఆ స్తంభము మనకు అవసరము. ఈ రెండు అవసరములు ఒకే చోట ఎదురుపడినపుడు ఏమి చేయవలెను? ఇదియే నేటి మన పాఠము.

పక్షులు టవరును ఏల కోరును?

గ్రద్ద, కొంగ మొదలగు పెద్ద పక్షులు ఎత్తైన చోటనే గూడు కట్టును. పూర్వము వాటికి మన ఊళ్ళలో రావి, మఱ్ఱి, చింత మొదలగు మహావృక్షములు ఉండెడివి. మనది వర్షాభావ ప్రాంతము. ఇచట చెట్టు పెరుగుట కష్టము, నరుకుట సులభము. బాటలు వెడల్పు చేయునపుడు ఇరుప్రక్కల నుండిన చింతచెట్లు పడిపోవుచున్నవి. ఒక చింతచెట్టు పక్షికి ఆశ్రయమిచ్చునంతటిది కావలెనన్న కొన్ని దశాబ్దములు పట్టును. టవరు కొన్ని వారములలో లేచి నిలుచును.

పక్షి దృష్టితో చూచినచో టవరు ఒక మంచి చెట్టే. ఇనుప కమ్ములు ఒకదానినొకటి దాటు చోట పుల్లలు చక్కగా నిలుచును. కోతి, పిల్లి, పాము అంత ఎత్తునకు తేలికగా రాజాలవు. చుట్టును కంచె యుండుటచే మనుష్యుల రాకపోకలు తక్కువ. పైనుండి చూచినచో మైళ్ళ దూరము వరకు ఎలుకయు, తొండయు కనుపించును. కావున పక్షి మన సొత్తును ఆక్రమించినదని కోపించుటకు ముందు, దాని చెట్టును మనమే తీసివేసితిమను మాట జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఏయే పక్షులు కట్టును?

మన వైపు టవర్లపై విశేషముగా కనుపించునవి గ్రద్దయు, కాకియు. గ్రద్ద గూడు పెద్దది. పుల్లలతో కట్టి లోపల గుడ్డపీలికలు, కాగితములు, చెత్త పరచును. రెండు మూడు గ్రుడ్లు పెట్టును. చలికాలమునుండి ఎండలు ముదురువరకు దీనికి సంతానకాలము.

కాకి వేసవిలో కట్టును. పుల్లలు దొరకని చోట ఇనుప తీగల ముక్కలు కూడ తెచ్చి అల్లును. నీలపు పచ్చని గ్రుడ్లు మూడు మొదలు ఐదు వరకు పెట్టును. ఇచట ఒక విశేషము కలదు. కోయిల తాను గూడు కట్టదు. తన గ్రుడ్డును కాకి గూటిలో పెట్టిపోవును. కాకి దానిని తన పిల్లయనియే మేపును. కావున వేసవిలో కాకిగూడును పడద్రోసినవాడు కోయిల పిల్లను కూడ చంపినవాడగుచున్నాడు. ఉగాదినాడు కోయిల పాటను మెచ్చుకొని, వైశాఖమున కాకిగూడును కూల్చుట తెలివైన పని కాదు.

కొంగలును టవరును ఎక్కినవి. మెడపై తెల్లని ఉన్నివంటి ఈకలును, నల్లని మేనును గల ఒక పెద్ద కొంగజాతి కలదు. అది సాధారణముగా నీటి ప్రక్కనున్న పెద్ద చెట్లపై గూడు కట్టును. మహారాష్ట్రములోని పుణె ప్రాంతమున ఈ కొంగలు సెల్‌ఫోను టవర్లపై గూళ్ళు కట్టిన సంగతిని పరిశీలకులు 2015లో పక్షిశాస్త్ర పత్రికయందు ప్రకటించిరి. అడవిపక్షి యని మనము తలచునది కూడ చెట్టు లేనిచోట ఇనుమును ఆశ్రయించునని దీనివలన తెలియుచున్నది.

మనుష్యులకు కలుగు చిక్కులు

పక్షిపై దయగలవారు సైతము ఈ చిక్కులను తేలికగా తీసివేయరాదు. టవరుపై పనిచేయువాడును ఒక తల్లికి బిడ్డయే. నడుమునకు పట్టా కట్టుకొని, నూరడుగుల పైన ఒక చేత్తో కమ్మిని పట్టుకొని పనిచేయుచున్నవాని తలపైకి గ్రద్ద దూసికొనివచ్చినచో వాని ప్రాణమునకే ముప్పు. పిల్లలున్న కాలమున గ్రద్ద అట్లు దూకుట దాని స్వభావము. రెట్టలు పడి మెట్లు జారుడుగా నుండును; ఇనుము త్వరగా తుప్పుపట్టును. పుల్లల కుప్ప తీగలకు అడ్డుపడవచ్చును. కాకి తెచ్చిన ఇనుప తీగ విద్యుత్తు ప్రవహించు చోట పడినచో మంట పుట్టవచ్చును. జపాను దేశమున విద్యుత్ సంస్థలు ఏటేట వేలకొలది కాకిగూళ్ళను స్తంభములనుండి తీయవలసివచ్చుచున్నది.

టవరు నిలిచిపోయినచో ఊరికి కలుగు నష్టమును మనమెరుగుదుము. రాత్రివేళ ప్రసవవేదన పడుచున్న స్త్రీకై 108 బండిని పిలువవలెనన్నను, బెంగుళూరులో కూలిపనికి పోయిన కుమారునితో మాటాడవలెనన్నను, పంట ధర తెలిసికొనవలెనన్నను ఆ టవరే ఆధారము. కనుక పక్షియా, మనుష్యుడా యని తగవు పెట్టుకొనుట కాక, ఇద్దరికిని నష్టము లేని దారిని వెదకవలెను. ఆ దారి యున్నది. దానికి కావలసినవి రెండు: చట్టమును తెలియుట, లెక్క తెలియుట.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో ఏర్పడినది. ఆ చట్టములో ‘వేట’ యను మాటకు విశాలమైన అర్థము కలదు. తుపాకితో కాల్చుట, వలవేసి పట్టుట మాత్రమే వేట కాదు. అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుట, గ్రుడ్లను గాని గూళ్ళను గాని కదలించుట కూడ వేటయే యని చట్టము నిర్వచించినది. చట్టపు పట్టికలలో చేర్చబడిన పక్షి యగుచో, దాని గూటిని కర్రతో పొడిచి దింపినవాడు చట్టముదృష్టిలో వేటగాడే. ఇట్టి నేరమునకు మూడేండ్ల వరకు చెరసాలయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. మొదటి పట్టికలోని ప్రాణుల విషయమున శిక్ష ఇంకను కఠినము.

కాకి మాటయేమని మీరడుగవచ్చును. పూర్వము కాకిని, ఎలుకను హానికర జంతువుల పట్టికలో చేర్చి చట్టరక్షణ లేకుండ చేసియుండిరి. 2022లో చేయబడి, 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన సవరణలో ఆ పట్టికయే తొలగింపబడినది. కావున “కాకియే కదా” యని ఎవరును చేయిచేసికొనరాదు.

టవర్లను గూర్చియే కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2012 ఆగస్టులో ఒక సలహాపత్రమును వెలువరించినది. ఒక టవరు ఉన్నచోట కిలోమీటరు లోపల మరియొక కొత్త టవరునకు అనుమతి ఈయవద్దనియు, పక్షులు ఎగిరిపోవు మార్గములకు అడ్డుగా కట్టవద్దనియు, టవరు ఆవరణలోని దీపముల వెలుగు క్రిందికే పడునట్లు చేయవలెననియు అందు సూచింపబడినది. మన రాజ్యాంగము 51-ఎ అధికరణమునందు ప్రాణులపై దయగలిగియుండుట ప్రతి పౌరుని విధియని చెప్పినది. ఈ విధి 1976లో 42వ సవరణచే చేర్చబడినది. చట్టము అధికారులకు చెప్పునది. ఈ విధి మనకు చెప్పునది.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు లెక్కకు వత్తము. పక్షి గూటిని ఎల్లకాలము వాడుకొనదు. గ్రుడ్డు పెట్టినది మొదలు పిల్ల ఎగిరిపోవువరకే దానికి గూటితో పని. ఆ కాలమెంత?

కాకి గ్రుడ్డు పొదుగుటకు 16 లేక 17 దినములు పట్టును. పిల్ల ఎగురుటకు మరి మూడు నాలుగు వారములు. మొత్తము సుమారు ఆరు వారములు.

గ్రద్ద గ్రుడ్డు పొదుగుటకు 30 మొదలు 34 దినములు. పిల్ల ఎగురుటకు 42 మొదలు 56 దినములు. మొత్తము పది మొదలు పదమూడు వారములు.

ఉన్నిమెడ కొంగకు పొదుగుకాలము ఒక నెల. పిల్ల గూటిలో నుండు కాలము సుమారు రెండు నెలలు. మొత్తము మూడు నెలలు.

సంవత్సరమునకు 52 వారములు. గ్రద్ద అడుగునది అందు పదమూడు. అనగా నాలుగవ వంతు. తక్కిన ముప్పదితొమ్మిది వారములు టవరు మనదే. రంగు వేయుట, మరలు బిగించుట, పాత పరికరమును మార్చుట వంటి పనులలో పెక్కింటిని ముందే తలచి ఈ ముప్పదితొమ్మిది వారములలో చేసికొనవచ్చును. గూటిని కూల్చవలసివచ్చుట చాలచోట్ల పక్షివలన కాదు. పనికి ముందుగా కాలము నిర్ణయింపకపోవుటవలననే. ఈ ఒక్క సంగతి గ్రహించినచో సగము తగవు తీరినట్లే.

ఏమి చేయవలెను?

మొదట, ఎక్కుటకు ముందు చూడవలెను. నేలపైనుండియే దుర్భిణితో గాని, కెమెరాతో గాని గూటిని పరిశీలింపవచ్చును. పక్షి గూటిలో కదలక కూర్చున్నచో పొదుగుచున్నదని అర్థము. నోట ఆహారముతో మాటిమాటికి వచ్చుచున్నచో పిల్లలున్నవని అర్థము. కొన్ని దినములు చూచినను ఏ పక్షియు రాకున్నచో గూడు విడువబడినదని ఊహింపవచ్చును.

రెండవది, గ్రుడ్లు గాని పిల్లలు గాని ఉన్నచో పనిని వాయిదా వేయవలెను, అటవీశాఖకు తెలుపవలెను.

మూడవది, పిల్లలు ఎగిరిపోయిన పిమ్మట, అటవీశాఖవారిని సంప్రదించి, ఖాళీ గూటిని తీసివేయవచ్చును. అమెరికాలోను ఇదియే పద్ధతి. అచట వలసపక్షుల చట్టము 1918 నాటిది. గ్రుడ్లును పిల్లలును ఉన్న గూటిని అనుమతి లేక ముట్టరాదు. ఖాళీ గూటిని తీయవచ్చును. అయితే డేగ జాతికి చెందిన రెండు మహాపక్షులకు 1940 నాటి ప్రత్యేక చట్టముండుటచే వాటి ఖాళీ గూటిని కూడ అనుమతి లేక తీయరాదు.

నాలుగవది, తీసివేసిన చోటనే మరుసటి యేడు పక్షి మరల కట్టును. పెద్దపక్షులు పాత చోటును మరువవు. కావున సంతానకాలమునకు ముందే తీగలును పరికరములును ఉన్న మూలలకు ఇనుప వల బిగింపవలెను. టవరునకు మూలలనేకము. పని యున్న మూలను మూసి, పని లేని మూలను పక్షికి విడిచినచో ఇరువురకు సరిపోవును.

ఐదవది, వీలున్నచోట వేరొక ఆశ్రయము కల్పింపవలెను. పోలెండు దేశమున తెల్లకొంగలు విద్యుత్ స్తంభములపై గూళ్ళు కట్టుటచే, అచటివారు తీగలకు పైగా ఇనుప పీఠములను అమర్చి గూళ్ళను వాటిపై నిలిపిరి. కొంగ మునుపటివలెనే అదే స్తంభముపై నుండును, తీగమాత్రము తాకదు. గూడు లేకుండ చేయుట కాదు, గూడునకు చోటు చూపుట అచటి ఉపాయము.

ఒక క్లిష్టమైన సందర్భము

ఇంతవరకు చెప్పినదంతయు సావకాశమున్నపుడు జరుగవలసినది. సావకాశము లేనిచో? ఒక ఉదాహరణము ఊహింపుడు. ఒక పల్లెకు ఒకే టవరు. దానిపై గ్రద్దగూడు, గూటిలో రెండు వారముల పిల్లలు. ఒకనాడు టవరు పనిచేయుట మానినది. ఊరిలో నిండుచూలాలు ఒకతె కలదు. ఏమి చేయుదురు?

తొందరపడి కర్ర తీసికొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. చెడినది ఏ భాగము? టవరు చెడుట కనేక కారణములు నేలపైనున్న గదిలోనే యుండును: కరెంటు రాకపోవుట, బ్యాటరీలు దిగిపోవుట, డీజిల్ జనరేటరు ఆగుట. వీటిని బాగుచేయుటకు పైకి ఎక్కనక్కరలేదు. గ్రద్దకు మన సంగతియే తెలియదు. చెడినది పైభాగమే యైనచో, అది గూటికి ఏ వైపున నున్నది? ఎదుటివైపున నున్నచో ఎండ ముదురక ముందే ఎక్కి, గూటిని ముట్టక, త్వరగా దిగవచ్చును. తల్లిపక్షి ఎగిరిపోయి చాలసేపు రాకున్నచో లేతపిల్లలు మన ఎండలకు మాడిపోవును; కనుక ప్రొద్దుటి చల్లదనమే తగిన వేళ. గూడే అడ్డమైనచో? అప్పుడు అటవీశాఖవారిని పిలువవలెను. మనుష్య ప్రాణమునకు ముప్పు వచ్చునపుడు అనుమతి నిచ్చుటకు చట్టమున దారి కలదు. కాని ఆ నిర్ణయము అధికారిది, మనది కాదు. అనుమతి వచ్చులోపల వాహనముపై తెచ్చు తాత్కాలిక టవరును నిలుపుమని సంస్థను కోరవచ్చును.

మనుష్యప్రాణము ముందని మేమును అంగీకరింతుము. అయితే మనుష్యప్రాణము పేరు చెప్పి, కేవలము మన తొందర తీర్చుకొనుట న్యాయము కాదు. ఈ మూడు ప్రశ్నలును ఆ రెంటిని వేరుచేసి చూపును.

చీకటిలో ఉన్న ఊరు

ఓర్చుకొనుట సాధ్యమా యని సందేహించువారికి ఒక నిజమైన కథ. తమిళనాడులో శివగంగ జిల్లాలో పొత్తకుడి యను చిన్న గ్రామము కలదు. 2020వ సంవత్సరమున ఆ ఊరి వీథిదీపములను వెలిగించు స్విచ్చుపెట్టెలో ఒక చిన్న పిట్ట గూడు కట్టి గ్రుడ్లు పెట్టినది. దీపములు వేయు పనిని చూచుకొను యువకుడు దానిని గమనించి ఊరివారికి తెలిపెను. దీపము వేయవలెనన్న పెట్టెను తెరువవలెను. తెరిచినచో పిట్ట బెదరును. కొందరు మొదట సందేహించిరి, పిమ్మట ఒప్పుకొనిరి. పిల్లలు ఎగిరిపోవువరకు, నెలకు పైగా, ఆ ఊరి వీథులు చీకటిలో నుండెను. ఎవరికిని శాసనము లేదు, ఎవరును బలవంతపెట్టలేదు. పిట్ట చిన్నది, చీకటి పెద్దది. అయినను అది కొలది దినముల చీకటియని ఆ ఊరివారు లెక్కవేసికొనిరి. మనము పైన వేసిన లెక్కయే వారును వేసిరి.

మన ఇరుగుపొరుగు

దూరము పోనేల? మన తాలూకా కర్ణాటకములో నున్నను, ఎక్కువ వైపుల ఆంధ్రప్రదేశపు పల్లెలే మనకు పొరుగు. హిందూపురము దాటి పోయినచో, శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలములో వీరాపురమను గ్రామము కలదు. ఏటేట ఎర్రకాళ్ళ కొంగలు అచటికి వచ్చి, ఇండ్ల నడుమనున్న చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, తిరిగిపోవును. పసుపుపచ్చని పొడవైన ముక్కు, తెల్లని మేను, రెక్కలపై నల్లని గీతలు, తోకవద్ద గులాబివర్ణపు ఈకలు గల అందమైన పక్షి యది. ఊరివారు వాటిని అదరగొట్టరు, ఇతరులను అదరగొట్టనీయరు.

మన తుమకూరు జిల్లాలోనే, శిరా తాలూకాలో, కగ్గలడు అను గ్రామము కలదు. అచటను అవే కొంగలు చింతచెట్లపై గూళ్ళు కట్టును. అచటివారు వాటిని ‘బణ్ణద కొక్కరె’ యందురు. వీరాపురమువారు మాటాడునది తెలుగు. కగ్గలడువారు మాటాడునది కన్నడము. కొంగ రెండు ఊళ్ళను ఒకే రీతిని నమ్మినది. మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరు గ్రామస్థులు ఈ పక్షులను కాన్పునకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలుగా భావింతురు. గూళ్ళున్న చెట్టు చింతపండును వారు వదలుకొందురు. ఆ నష్టమునకు అటవీశాఖ కొంత పరిహార మిచ్చుచున్నది. ఆ గ్రామము 2007లో సాముదాయిక సంరక్షణ స్థలముగా ప్రకటింపబడినది.

ఈ కొంగలు చెట్లపై కట్టునవే గాని టవర్లపై కట్టునవి కావు. అయినను ఈ గ్రామములు మనకొక పాఠము నేర్పుచున్నవి. పక్షిని కాపాడుటకు ఖర్చు కలదు. ఆ ఖర్చును ఒక్కనిపై వేయక అందరును పంచుకొన్నచో అది భారము కాదు. టవరు విషయమున కూడ సంస్థ కొంత ఆలస్యమును, ఊరు కొంత అసౌకర్యమును, అధికారులు కొంత శ్రమను పంచుకొనవలెను.

విద్యార్థులును తల్లిదండ్రులును చేయదగినది

విద్యార్థులారా! మొదటి మాట: మీరు ఎన్నడును టవరు ఎక్కరాదు. కంచె దాటి లోపలికి కూడ పోరాదు. మీ పని నేలపైనే. ఒక నోటుపుస్తకము తీసికొనుడు. గూడు మొదట చూచిన తేదీ, పక్షి పేరు, అది పొదుగుట ఆరంభించిన దినము, పిల్ల తల కనుపించిన దినము, ఎగిరిన దినము వ్రాసికొనుడు. ఇట్లు రెండు మూడేండ్లు వ్రాసినచో మన ఊరి టవరుపై ఏ నెలలో గూడుండునో చెప్పగల పంచాంగము తయారగును. మరమ్మతు చేయువారికి అంతకంటె ఉపకారము లేదు.

గూటినుండి పిల్ల జారిపడినచో కుక్కలకు చిక్కనీయక, గాలియాడు అట్టపెట్టెలో నుంచి, పెద్దలద్వారా అటవీశాఖకు కబురు పంపుడు. ఇంటిలో పెంచుకొనవలెనని తలపరాదు; అదియు నేరమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన ఇండ్లలో తెలుగు, కార్యాలయములలో కన్నడము. అర్జీ ఏ భాషలో వ్రాయవలెనో తెలియక ఊరకుండువారు మనలో కలరు. అట్లు వెనుదీయరాదు. మన బడిలో రెండు భాషలును నేర్పుచున్నారు. మీ బిడ్డచేతనే వ్రాయింపుడు. అటవీశాఖను కన్నడములో ‘అరణ్య ఇలాఖె’ యందురు. మన వైపు చూచుకొను అధికారిని ‘వలయ అరణ్యాధికారి’ యందురు. గ్రద్ద ‘హద్దు’, కాకి ‘కాగె’, కోయిల ‘కోగిలె’, కొంగ ‘కొక్కరె’, గ్రుడ్డు ‘మొట్టె’. ఊరి పేరు, టవరున్న చోటు, పక్షి పేరు, గూటిలో గ్రుడ్లున్నవో పిల్లలున్నవో, చూచిన తేదీ - ఈ ఐదు సంగతులున్నచో అర్జీ చాలును. ఒక ప్రతిని గ్రామ పంచాయతికి ఇచ్చి, ముద్ర వేయించుకొని దాచుకొనుడు.

ఈ మాటలలో ఒకదానిని మేము కావలెననియే విడిచితిమి. గూటిని కన్నడములో ఏమందురు? ‘గూడు’ అనియే యందురు. రెండు భాషలకును ఆ మాట ఒక్కటే. అర్జీలో ఆ ఒక్క మాటను అనువదింపనక్కరలేదు.

తుదిమాట

టవరు మన అవసరము, దానిని విడువజాలము. గూడు పక్షి అవసరము. అది దానిని విడువజాలదు. మనకు గడియారము కలదు, తేదీల లెక్క కలదు, చట్టము కలదు, అర్జీ వ్రాయు అక్షరము కలదు. పక్షికి ఇవి లేవు. దానికి ఉన్నది ఒక్క ఋతువు మాత్రమే. కావున ఆగగలవాడే ఆగవలెను. ఆ పదమూడు వారములు గడచిన పిమ్మట టవరు అచటనే యుండును, మన పని అచటనే యుండును. పిల్లమాత్రము ఆకాశమున నుండును.

అభ్యాసము

1. మీ ఊరి టవరుపై గూడున్నదా? ఏ పక్షిది? ఎన్ని దినములనుండి చూచుచున్నారు?

2. గ్రద్ద జనవరి 10వ తేదీన గ్రుడ్డు పెట్టినచో, పొదుగుటకు 32 దినములు, ఎగురుటకు 50 దినములు పట్టునని తీసికొని, మరమ్మతునకు తగిన మొదటి దినమును లెక్కకట్టుడు.

3. పై ఐదు సంగతులను చేర్చి వలయ అరణ్యాధికారికి కన్నడములో ఒక అర్జీ వ్రాసి, దానిని తెలుగులో మీ ఇంటివారికి చదివి వినిపింపుడు.